సైటేషన్లు ఎన్ని అని అడిగేముందు: మెదడు పరిశోధకుల రికార్డు ఎలా చదవాలి

కాకినాడలో మెడిసిన్ చదువుతూ న్యూరాలజీ వైపు చూస్తున్న కుర్రాడు, రాజమండ్రిలో ఎమ్మెస్సీ చేసి మెదడు మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్న అమ్మాయి, భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతూ ఎమ్మారై స్కాన్ల మీద ప్రాజెక్టు మొదలుపెట్టిన పిల్లలు. గైడ్ కోసం వెతికేటప్పుడు వీళ్ళంతా ముందుగా చేసే పని ఒకటే. గూగుల్ స్కాలర్ తెరిచి ప్రొఫెసర్ పేరు కొడతారు. పక్కన మూడు అంకెలు కనిపిస్తాయి: మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్. అంకె పెద్దదైతే పెద్ద సార్ అనుకుంటారు, ఇంట్లోనూ అదే చెబుతారు. అమ్మానాన్నలకు వేరే ఆధారం ఉండదు కాబట్టి వాళ్ళూ సరేనంటారు. అలా ఐదారేళ్ళ జీవితం ఒక అంకెను నమ్ముకుని నడుస్తుంది.

ఆ అంకెలు అబద్ధాలు కావు. అవి చెప్పేది చాలా కొంచెం, మనం వాటిలో చదువుకునేది చాలా ఎక్కువ. సైటేషన్ అంటే ఒక పేపర్ పేరును ఇంకో పేపర్ ప్రస్తావించిందని అర్థం. మెచ్చుకుంటూ ప్రస్తావించి ఉండొచ్చు, తప్పని చెప్పడానికి ప్రస్తావించి ఉండొచ్చు, అందరూ ప్రస్తావిస్తున్నారు కాబట్టి చేర్చి ఉండొచ్చు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో వేస్తారు, శివారు చేలకు తడి అందిందా లేదా అన్నది ఆ చేను గట్టు మీదికి వెళ్ళి చూస్తే తప్ప తెలియదు. సైటేషన్ల లెక్క కూడా హెడ్ స్లూయిస్ దగ్గరి లెక్కే. ఒక పరిశోధకుడి ప్రభావం తెలియాలంటే ఆ పనిని ఎవరు, దేనికి వాడుకున్నారో, వాడుకున్నాక అది నిలబడిందో లేదో చూడాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మూడు అంకెలు ఎలా వస్తాయి

హెచ్-ఇండెక్స్‌ను 2005లో అమెరికాలో పనిచేసే భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ ప్రతిపాదించాడు. ఒకరి పేపర్లన్నిటినీ సైటేషన్లు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదాని దాకా వరసగా పెట్టండి. కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉంటే హెచ్-ఇండెక్స్ 20. అది 21 కావాలంటే కనీసం 21 సైటేషన్లున్న పేపర్లు 21 ఉండాలి. ఐ10 ఇంకా తేలిక: కనీసం 10 సైటేషన్లు వచ్చిన పేపర్లు ఎన్ని ఉన్నాయన్నదే ఆ అంకె.

ఈ లెక్క ఎక్కడ తేడా కొడుతుందో చూడండి. ఒకావిడ జీవితంలో ఐదే పేపర్లు రాసింది, ఒక్కోదానికి 5,000 సైటేషన్లు వచ్చాయి. ఆవిడ హెచ్-ఇండెక్స్ 5. ఇంకొకాయన 30 పేపర్లు రాశాడు, ఒక్కోదానికి సరిగ్గా 30 వచ్చాయి. ఆయనది 30. మొత్తం సైటేషన్లు చూస్తే మొదటావిడకు 25,000, రెండో ఆయనకు 900. అంకె మాత్రం ఆయన్ని ఆరు రెట్లు పైన కూర్చోబెట్టింది. పైగా హెచ్-ఇండెక్స్ పెరగడమే కానీ తగ్గదు. పరిశోధన మానేసి పదేళ్ళయినా పాత పేపర్లకు సైటేషన్లు వస్తూనే ఉంటాయి కాబట్టి 60 ఏళ్ళ ప్రొఫెసర్‌ను 35 ఏళ్ళ ప్రొఫెసర్‌తో పోల్చడానికి ఆ అంకె పనికిరాదు.

ఇదే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్ అనే ఇంకో డేటాబేస్‌లో ఇంకో అంకె ఉంటుంది. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ పరిశీలనకు ముందే బయటపెట్టే పేపర్లు), కాన్ఫరెన్స్ పేపర్లు కూడా లెక్కేసుకుంటుంది. స్కోపస్ తాను ఎంచుకున్న జర్నళ్ళు, పుస్తకాలు, కాన్ఫరెన్సులనే తీసుకుంటుంది. ఒకరి అంకెను ఒకచోట నుంచి, ఇంకొకరిది ఇంకోచోట నుంచి తెచ్చి పోలిస్తే ఆ పోలికకు విలువే లేదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నది మనిషిది కాదు, జర్నల్‌ది. ఆ జర్నల్‌లో గత రెండేళ్ళలో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్న లెక్క అది. లైబ్రరీల వాళ్ళు ఏ జర్నల్ కొనాలో తేల్చుకోవడానికి అలాంటి లెక్కలు ఉపయోగపడేవి. మనుషులకు ఉద్యోగాలు ఇవ్వడానికి దాన్ని వాడొద్దని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిసిన శాస్త్రవేత్తలు, సంపాదకులు ఒక ప్రకటన తయారుచేశారు. 2013లో అది బయటికొచ్చింది. మన సెలెక్షన్ కమిటీల్లో మాత్రం ఆ అంకెను ఇంకా అడుగుతూనే ఉన్నారు.

న్యూరోసైన్స్ ఒక్కటి కాదు

ఈ రంగంలో ఇంకో చిక్కు ఉంది. న్యూరోసైన్స్ అనే ఒక్క పేరు కింద చాలా వేర్వేరు పనులున్నాయి. ఒకరు ఎలుకలకు ఒక పని నేర్పించి, వాటి మెదడులో ఒక్కో కణం పలికే తీరును ఏళ్ళ తరబడి రికార్డు చేస్తారు. ఒక పేపర్ రావడానికి నాలుగైదేళ్ళు పట్టొచ్చు. ఇంకొకరు ప్రపంచం ముందు ఉచితంగా పెట్టిన ఎమ్మారై డేటాను కంప్యూటర్ మీద విశ్లేషిస్తారు, ఏడాదికి మూడు నాలుగు పేపర్లు వస్తాయి. మరొకరు ఉదయమంతా ఓపీ చూసి, పక్షవాతం రోగుల వివరాలు పదేళ్ళు కూడబెట్టి రాస్తారు. పెద్ద జన్యు పరిశోధనల్లో ఒక్కో పేపర్‌కు వందల మంది రచయితలు ఉంటారు. ఈ నలుగురి హెచ్-ఇండెక్స్‌లను ఒక వరసలో పెడితే ఎవరు మంచి పరిశోధకులో తేలదు, ఎవరి పని తీరు ఏమిటో మాత్రం తేలుతుంది.

పేర్ల వరస కూడా చూడాలి. మెదడు, జీవశాస్త్ర పేపర్లలో మొదటి పేరు సాధారణంగా ఆ పని చేతులతో చేసిన స్కాలర్‌ది. చివరి పేరు ల్యాబ్ నడిపే గైడ్‌ది. మధ్యలో ఉన్నవాళ్ళు ఒక పరీక్ష చేసి పెట్టినవాళ్ళు కావచ్చు, లెక్కలు చూసినవాళ్ళు కావచ్చు, రోగుల్ని పంపిన డాక్టర్లు కావచ్చు. 200 పేపర్లున్న ఒక ప్రొఫెసర్‌కు 150 పేపర్లలో పేరు మధ్యలోనే ఉంటే, ఆయన ఎంతోమందికి సాయపడ్డారని అర్థం. మంచిదే. సొంత ప్రశ్నతో నడిపిన పని ఎంత అన్నది తెలియాలంటే మాత్రం మిగతా 50 పేపర్లు చూడాలి.

హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పేపర్

ఉదాహరణ లేకుండా ఇదంతా గాల్లో మాటలాగే ఉంటుంది. తెలుగువాళ్ళ మీద, తెలుగువాళ్ళు చేసిన ఒక పనినే తీసుకుందాం. డాక్టర్ సువర్ణ అల్లాడి గారు హైదరాబాదు నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉండగా, 2013లో 'న్యూరాలజీ' జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. తర్వాత ఆవిడ బెంగుళూరు నిమ్హాన్స్‌కు వెళ్ళారు. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు ఆ పేపర్లో ఉన్నాయి. వాళ్ళలో 391 మంది రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ భాషలు మాట్లాడేవాళ్ళు. తేలిందేమిటంటే, ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే వీళ్ళకు మతిమరుపు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్ళనివాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది. రెండు దాటి మూడో భాష వచ్చినందువల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

ఈ పేపర్‌ను ప్రపంచమంతా ఎందుకు ప్రస్తావించింది? రెండు భాషలవాళ్ళకు డిమెన్షియా ఆలస్యంగా వస్తుందని కెనడాలోని టొరంటో నుంచి 2007లోనే ఒక పేపర్ వచ్చింది. అయితే అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళు. వలస వెళ్ళేవాళ్ళు మామూలుగానే కాస్త ఆరోగ్యం, చొరవ ఉన్నవాళ్ళై ఉంటారు కదా, తేడా దానివల్ల వచ్చిందేమో అని చాలామంది సందేహపడ్డారు. చదువు వల్ల వచ్చిందేమో అన్నది ఇంకో సందేహం. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే వీధిలో వినిపిస్తాయి. అక్కడ పుట్టి పెరిగినవాడికి రెండో భాష రావడానికి దేశం దాటనక్కర్లేదు, బడికి వెళ్ళనక్కర్లేదు. అందుకే ఆ రెండు సందేహాలనూ ఒకేసారి పరీక్షించడానికి ఆ ఊరు కుదిరింది.

ఇదే పరిశోధన కోనసీమలో చేసి ఉంటే ఈ జవాబు వచ్చేది కాదు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు చాలామందికి తెలుగు ఒక్కటే వచ్చు. హిందీయో అరబీయో ధారాళంగా మాట్లాడే ఆడవాళ్ళు ఎవరని వెతికితే, కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు కనిపిస్తారు. అంటే రెండో భాష, వలస రెండూ మళ్ళీ ఒకే మనిషిలో కలిసిపోతాయి. టొరంటోలో వచ్చిన చిక్కే ఇక్కడా వస్తుంది. మంచి ప్రశ్నకు సరైన చోటు దొరకడం కూడా పరిశోధనలో సగం పని అని ఈ పేపర్ చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. ఏ ఇండెక్స్‌లోనూ ఈ సంగతి కనపడదు.

ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. 2016లో అదే బృందం 'స్ట్రోక్' జర్నల్‌లో ఇంకో పేపర్ వేసింది. పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్ళు రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం, ఒకే భాషవాళ్ళలో 19.6 శాతం. ఇక్కడిదాకా వింటే కథ ఒకే దారిలో నడిచినట్టుంటుంది. కానీ 2017లో లండన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను తీసుకుని, ఏళ్ళ తరబడి వెంట ఉండి చూసిన అధ్యయనాల్లో రెండు భాషలవల్ల డిమెన్షియా తగ్గినట్టు తేలలేదని వాళ్ళు రాశారు. క్లినిక్‌కు వచ్చిన రోగుల్ని చూడటం వేరు, ఊళ్ళో అందరినీ వెంబడించి చూడటం వేరు. మొదటిదానిలో క్లినిక్ దాకా ఎవరు వస్తారు, ఎప్పుడు వస్తారన్నది కూడా ఫలితంలో కలిసిపోతుంది. ఈ చర్చ ఇంకా ముగియలేదు. ఒప్పుకున్న పేపరూ హైదరాబాదు పేపర్‌ను ప్రస్తావిస్తుంది, ఒప్పుకోని పేపరూ ప్రస్తావిస్తుంది. రెండూ చెరొక సైటేషన్‌గానే లెక్కకొస్తాయి.

నన్నడిగితే ఒప్పుకోనివాళ్ళు కూడా దాటి వెళ్ళలేని పేపర్ రాయడమే పెద్ద ప్రభావం. ఆ పేపర్ చెప్పిన జవాబు రేపు మారినా, చదువు, వలస అనే రెండు చిక్కుముడులు విప్పి ప్రశ్నను అడగడం అది నేర్పింది.

లెక్కలోకి రాని ఇంకో ప్రభావం కూడా ఉంది. మతిమరుపు ఉందో లేదో చూడటానికి ప్రపంచంలో ఎక్కువగా వాడే పరీక్షల్లో ఒకటి 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేసింది. 30 మార్కులు. 100లోంచి ఏడేసి చొప్పున తగ్గిస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి, ఒక బొమ్మ చూసి గీయాలి. పాలకొల్లు పక్క పల్లెలో బడి మొహం చూడని మామ్మగారిని ఇవి అడిగితే ఏమవుతుంది? ఊరందరి చుట్టరికాలూ వరసలూ గడగడా చెప్పే మామ్మగారు, పెన్ను పట్టుకోవడం రాలేదు కాబట్టి మార్కులు పోగొట్టుకుంటుంది. జబ్బు లేకపోయినా ఉందనే అనుమానం కాగితం మీదికి ఎక్కుతుంది. అందుకే మన భాషల్లో, చదువు లేనివాళ్ళకు కూడా సరిపోయేలా పరీక్షలు కావాలి. భారత వైద్య పరిశోధన మండలి తరఫున అల్లాడి గారు, ఇతర కేంద్రాలవాళ్ళు కలిసి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషల్లో అలాంటి పరీక్షల సమితిని తయారుచేశారు. ఒక డాక్టరు దాన్ని వాడి ఒక పెద్దాయనకు జబ్బు లేదని తేలిస్తే, లేదా జబ్బును తొందరగా పట్టుకుంటే, ఏ పేపర్లోనూ సైటేషన్ పడదు. ఆ డాక్టరు పేపర్ రాయడు కదా.

భీమవరంలో పుట్టినాయన

ప్రభావానికీ రికార్డుకీ ఎంత దూరం ఉండొచ్చో మనకు అందరికంటే బాగా తెలిసి ఉండాలి, ఎందుకంటే దానికి పెద్ద ఉదాహరణ మన దగ్గరే పుట్టాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. న్యూరోసైన్స్ ఆయన రంగం కాదు, జీవరసాయన శాస్త్రం. అయినా మెదడు గురించి మాట్లాడుతూ ఆయన్ని తప్పించుకోలేం. శరీరం బరువులో 2 శాతమే ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా దాదాపు 20 శాతం శక్తిని తినేస్తుంది. ఆ శక్తిని కణాలకు అందించే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు కనుక్కున్నారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది విడిగా కనుక్కున్నాడు.

ఆయన పేపర్లలో ఎక్కువ సైటేషన్లు వచ్చింది మాత్రం దేనికి? 1925లో ఫిస్కేతో కలిసి రాసిన పేపర్‌కు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. తర్వాత దశాబ్దాల పాటు ఏ ల్యాబ్‌లో ఫాస్ఫరస్ కొలిచినా ఆ పేపర్‌ను ప్రస్తావించాల్సి వచ్చింది, అందుకే శాస్త్ర సాహిత్యంలోనే బాగా ఎక్కువ సైటేషన్లున్న పేపర్లలో అది ఒకటైంది. పద్ధతి పేపర్లకు ఇలా జరుగుతుంది. ప్రొటీన్‌ను కొలిచే విధానం మీద 1951లో లౌరీ బృందం రాసిన పేపర్‌కు 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. ప్రపంచంలో ఏ గొప్ప ఆవిష్కరణకూ అన్ని లేవు. న్యూరోసైన్స్‌లోనూ అంతే: మెదడు స్కాన్‌ను విశ్లేషించే సాఫ్ట్‌వేర్, మతిమరుపును కొలిచే ప్రశ్నపత్రం, ఎడమచేతి వాటమో కుడిచేతి వాటమో తేల్చే చిన్న ఫారం, వీటికి వచ్చే సైటేషన్లు అసలు ఆవిష్కరణలకు రావు.

అంత పని చేసినా సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చిన మందుల్లో ఒకటి డైఇథైల్ కార్బమజీన్. బోదకాలు పీడించిన మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. ఇంకొకటి అమైనోప్టెరిన్. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో అది తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కి తగ్గించిందని 1948లో సిడ్నీ ఫార్బర్ బృందం ప్రచురించింది. క్యాన్సర్‌కు మందులతో చికిత్స అన్న దారి తెరిచిన పేపర్ అది. దాని రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. అదే ఏడాది ఆయన పోయారు. ఇవాళ ఆయనకు ఒక ప్రొఫైల్ తెరిచి అంకెలు చూస్తే, ఆ పేపర్ అందులో ఉండదు. బోదకాలు మాత్ర మింగిన లక్షలమందీ ఉండరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆయన పుట్టిన ఊరి పిల్లలే మనుషుల్ని అంకెతో కొలవడం నేర్చుకోవడం చూస్తే ఆ బాధ ఇంకా ఎక్కువవుతుంది.

పెద్ద అంకె, నిలబడని పేపర్

దీనికి ఎదురుగా ఇంకో వైపు ఉంది. 2006లో 'నేచర్' జర్నల్‌లో అల్జీమర్స్ మీద ఒక పేపర్ వచ్చింది. మెదడులో పేరుకునే అమైలాయిడ్ ప్రొటీన్‌లో ఒక ప్రత్యేక రూపం ఎలుకల జ్ఞాపకశక్తిని చెడగొడుతోందని అది చెప్పింది. రెండు వేలకు పైగా సైటేషన్లు వచ్చాయి. అందులోని బొమ్మల మీద 2022లో 'సైన్స్' పత్రిక బహిరంగంగా సందేహాలు ప్రచురించింది. బొమ్మల్లో మార్పులు చేసిన గుర్తులు ఉన్నాయని చెబుతూ 2024 జూన్‌లో పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. అమైలాయిడ్ పేరుకోవడమే అల్జీమర్స్‌కు మూలమన్న సిద్ధాంతమంతా ఈ ఒక్క పేపర్ మీద నిలబడలేదు కాబట్టి దీనితో అది కూలిపోలేదు. అయినా సందేహాలు బయటికొచ్చేదాకా 16 ఏళ్ళ పాటు ఆ పేపర్ గౌరవంగా సైటేషన్లు పోగేసుకుంది. ఎన్ని ల్యాబులు దాని వెంట పరిగెత్తి ఉంటాయో, అందులో ఎంతమంది స్కాలర్ల ఏళ్ళు పోయి ఉంటాయో ఆలోచించండి.

మోసం లేకపోయినా పేపర్ నిలబడకపోవచ్చు. 2013లో కేథరిన్ బటన్, సహచరులు న్యూరోసైన్స్ అధ్యయనాల్ని పరిశీలించి ఒక మాట చెప్పారు. నిజంగా ఒక ప్రభావం ఉంటే దాన్ని పట్టుకోగల శక్తి ఆ అధ్యయనాల్లో మధ్యస్థంగా 21 శాతం మాత్రమే. అంటే ఐదు నిజాలుంటే నాలుగు చేజారిపోతాయి. దొరికిన ఒక్కటి కూడా అసలు కంటే పెద్దదిగా కనిపించే ప్రమాదం ఉంది. కారణం, చూసిన మనుషులూ ఎలుకలూ తక్కువ కావడం. స్కాన్‌లో కనిపించే మెదడు తేడాల్ని మనిషి తెలివికో మనస్తత్వానికో ముడిపెట్టాలంటే వేలమంది కావాలని 2022లో మారెక్ బృందం దాదాపు 50,000 మంది డేటాతో చూపించింది. మామూలుగా అలాంటి పేపర్లలో ఉండేది పాతిక మంది.

ప్రతి చిన్న అధ్యయనమూ పనికిరానిదని దీనర్థం కాదు. 1957లో స్కోవిల్, బ్రెండా మిల్నర్ రాసిన పేపర్ మూర్ఛ, మానసిక జబ్బుల కోసం మెదడు ఆపరేషన్ చేయించుకున్న పదిమంది గురించి. వాళ్ళలో ఒకాయన, అప్పట్లో హెచ్.ఎం. అన్న అక్షరాలతోనే తెలిసినాయన, ఆపరేషన్ తర్వాత కొత్తగా జరిగిన సంగతులేవీ గుర్తుపెట్టుకోలేకపోయాడు. జ్ఞాపకాలు తయారయ్యేది మెదడులో ఎక్కడ అన్న ప్రశ్నకు దారి ముఖ్యంగా ఆ మనిషి దగ్గర దొరికింది. తేడా అంత పెద్దది కాబట్టి కొద్దిమందే సరిపోయారు. తేడా చిన్నదైనప్పుడే వేలమంది కావాలి. ఈ తేడా తెలిసిన విద్యార్థి ఏ పేపర్ చదివినా మోసపోడు.

కొన్ని మంచి పనులకు సైటేషన్లు ఆలస్యంగా వస్తాయి. ఫిట్స్ వస్తే రాజమండ్రిలోనూ కాకినాడలోనూ తీయించే ఈఈజీని, అంటే మెదడు విద్యుత్ తరంగాల రికార్డును, జర్మనీలో హాన్స్ బెర్గర్ మనుషుల మీద 1924లో మొదలుపెట్టి 1929లో ప్రచురించాడు. 1934లో ఏడ్రియన్, మాథ్యూస్ కలిసి ఇంగ్లండులో అదే చూసి నిజమేనని చెప్పేదాకా చాలామంది పట్టించుకోలేదు. ఆ ఐదేళ్ళలో ఆయన ప్రొఫైల్ చూసి ఉంటే ఎవరూ ఆయన దగ్గర చేరేవారు కాదు.

మన పేర్ల గొడవ

ఇక అంకె తప్పుగా లెక్కపడటం. ఇది తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన తలనొప్పి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ పొడి అక్షరంగా. జర్నళ్ళు చివరి పదాన్ని ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో కె. సత్యనారాయణలందరూ ఒకే సత్యనారాయణ కె. అవుతారు, పి. లక్ష్ములందరూ ఒక్కరైపోతారు. ఒకరి సైటేషన్లు ఇంకొకరి ఖాతాలో పడతాయి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ళ రికార్డు రెండు ముక్కలవుతుంది. పాస్‌పోర్టులో పేరు విప్పి రాసినప్పుడు ఇంకో ముక్క.

పైన చెప్పిన 2013 పేపర్లోనే ఒక ఉదాహరణ ఉంది. దాని రచయితలు ఎనిమిది మంది. వాళ్ళలో కాగ్నిటివ్ సైన్స్ ప్రొఫెసర్ బాపిరాజు గారొకరు. ఆ పేపర్లో ఆయన ఇంటిపేరు సూరంపూడి. ఆయన వేరే పేపర్లలో రాజు ఎస్. బాపి అని కనిపిస్తారు, అంటే యంత్రం దృష్టిలో ఇంటిపేరు బాపి. మన వైపు బాపిరాజు అన్న పేరు వినగానే ఒకే మనిషని అర్థమైపోతుంది. డేటాబేస్‌కు అర్థం కాదు. దీనికి మందు 2012 నుంచి ఉన్న ఓర్కిడ్ నంబరు. ఉచితంగా వస్తుంది, 16 అంకెలు, పేరు ఎలా రాసినా మనిషి ఒక్కడే అని చెబుతుంది. మొదటి పేపర్ పంపేముందే తీసుకోమని, పేరును ఒకే తీరుగా రాయమని మన కాలేజీల్లో చెప్పేవాళ్ళు ఉండాలి. ఎవరి ప్రొఫైల్ చూసినా, అందులో పేపర్లన్నీ ఆ మనిషివేనా అని ఒకసారి కిందిదాకా చూడండి. మెదడు పరిశోధకుడి జాబితాలో సిమెంటు మీద, రొయ్యల మేత మీద పేపర్లుంటే అవి వేరే మనిషివి.

జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వచ్చే 'ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవాడు' అన్న వార్త గురించి కూడా చెప్పాలి. స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేసే జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో 2019 నుంచి వేస్తున్న జాబితా అది. స్టాన్‌ఫోర్డ్ ఇచ్చే అవార్డు కాదు. మొత్తం సైటేషన్లతో పాటు ఒంటరిగా రాసినవీ, మొదటి పేరుగా, చివరి పేరుగా రాసినవీ కలిపి ఒక మార్కు వేస్తారు కాబట్టి ఒట్టి హెచ్-ఇండెక్స్ కంటే నయమే. కానీ అందులో రెండు జాబితాలుంటాయి, జీవితం మొత్తానికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి. వార్తలో ఆ తేడా తరచుగా మాయమవుతుంది. ఏ జాబితాలో వచ్చారో అడగండి.

మూడు రోజుల్లో ప్రచురిస్తాం, ఇంత కట్టండి అని వాట్సాప్‌లో మెసేజ్‌లు పంపే జర్నళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది, తాను ఒప్పుకున్న జర్నళ్ళ జాబితాను, అంటే కేర్ జాబితాను, 2025లో ఆపేసింది. ఇక మంచి జర్నల్ ఏది అన్నది కాలేజీలు, గైడ్లు తేల్చుకోవాల్సిన పని. అందుకే పేపర్ తెరిచి చదవడం ఇప్పుడు ఇంకా అవసరం.

చదవడం ఎలాగంటే, ప్రొఫైల్‌ను సైటేషన్ల వరస నుంచి తారీఖుల వరసకు మార్చండి. గత ఐదేళ్ళలో చివరి పేరుగా వచ్చిన పేపర్లు చూడండి, ల్యాబ్ ఇప్పుడు బతికుందో లేదో అక్కడ తెలుస్తుంది. వాటిలో ఒకటి పూర్తిగా చదవండి. పబ్‌మెడ్ సెంట్రల్ అనే వెబ్‌సైట్‌లో ఎన్నో పేపర్లు ఉచితంగా ఉంటాయి. ప్రభుత్వ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళకు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద దాదాపు 13,000 జర్నళ్ళు అందుబాటులోకి వచ్చాయి, మీ లైబ్రరీలో అడిగి లాగిన్ తీసుకోండి. తర్వాత అదే పేపర్‌ను ప్రస్తావించిన పది పేపర్లు తెరిచి, ఆ ప్రస్తావన ఉన్న వాక్యం ఒక్కటి చదవండి. పద్ధతి వాడుకున్నారా, ఫలితాన్ని మళ్ళీ చేసి చూశారా, కాదన్నారా, లేక ఇరవై పేర్ల వరసలో ఒకటిగా పడేశారా? గైడే తన పేపర్‌ను తాను ప్రస్తావించుకున్నవి ఎన్ని? ఒక ఆదివారం పట్టే పని.

ఆఖరుగా, గైడ్ పేపర్లలో మొదటి పేరుగా ఉన్న పాత స్కాలర్ల పేర్లు రాసుకోండి. వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో వెతికి ఇద్దరు ముగ్గురికి ఈమెయిల్ రాయండి. పీహెచ్‌డీకి ఎన్నేళ్ళు పట్టింది, మీరు చేసిన పనికి మొదటి పేరు మీదే వచ్చిందా, ఫలితం అనుకున్నట్టు రానప్పుడు సార్ గానీ మేడం గానీ ఏమన్నారు, ఈ మూడూ అడగండి. మొహమాటపడొద్దు, అదే కుర్చీలో రేపు కూర్చోబోయేది మీరు.